సింథటిక్ ఆయిల్ మార్పిడి: వారంటీ చేజారకుండా మొదటి నుంచి చివరిదాకా

నా దగ్గర ఒక పాత బిల్లు ఉంది. అరచేయంత కాగితం. పైన తేదీ, కింద "ఆయిల్ సర్వీస్ - 1" అని, పక్కన మొత్తం. అంతే. ఏ ఆయిల్ పోశారో లేదు, ఎన్ని లీటర్లో లేదు, బండి నంబరు లేదు, మీటర్ రీడింగ్ లేదు. రెండేళ్ల తర్వాత టైమింగ్ చెయిన్ దగ్గర గలగలమని శబ్దం మొదలైంది. వారంటీ కింద చేయించుకుందామని వెళ్తే, కౌంటర్ దగ్గరున్నతను ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఈ బండిదేనని ఎలా అనుకోమంటారు సార్?" అన్నాడు. కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఆ ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు. పోయించింది మంచి సింథటిక్ ఆయిలే, టైముకే పోయించాను. ఆ సంగతి నాకూ ఆ మెకానిక్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు.

మూడు వారాలు తిరిగాక పని అయింది. అప్పటి నుంచి ఆయిల్ మార్చడం మీద ఎంత శ్రద్ధో, మార్చినట్టు చూపించగలగడం మీదా అంతే శ్రద్ధ పెడుతున్నాను. సొంతంగా మార్చుకునేవాళ్లకీ, బయట గ్యారేజీలో మార్పించేవాళ్లకీ పనికొచ్చేలా మొత్తం వరసగా రాస్తున్నాను.

"వారంటీ పోతుంది" అంటే ఏం పోతుంది?

షోరూమ్ దాటి ఎక్కడ ఆయిల్ మార్పించినా వారంటీ మొత్తం రద్దయిపోతుందని చాలామంది నమ్ముతారు. సాధారణంగా జరిగేది అది కాదు. కంపెనీ ఫలానా క్లెయిమ్‌ను తిరస్కరిస్తుంది. ఆయిల్ సరిగా లేక బేరింగులు పట్టేశాయని తేలితే ఆ ఇంజన్ రిపేరుకు డబ్బు ఇవ్వనంటుంది. అదే బండిలో ఏసీ కంప్రెసర్ పాడైతే, దానికీ ఆయిల్ బిల్లుకూ సంబంధం ఉండదు. ఈ తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

చట్టాలూ చాలాచోట్ల ఈ దారిలోనే ఉన్నాయి. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, మా బ్రాండు ఆయిలే పోయాలి, మా దగ్గరే మార్పించాలి అని వారంటీకి షరతు పెట్టకూడదు. పెట్టాలంటే ఆ ఆయిల్, ఆ సర్వీసు ఉచితంగా ఇవ్వాలి, లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నుంచి ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాలి. బయటి వస్తువు వల్లే నష్టం జరిగిందని కంపెనీ అంటే, దాన్ని కంపెనీయే చూపించాలి. యూరప్‌లో 2010 నాటి 461/2010 నిబంధన, దానితో వచ్చిన మార్గదర్శకాలు బయటి గ్యారేజీలకు ఇదే రకం రక్షణ ఇచ్చాయి. భారత కాంపిటీషన్ కమిషన్ కూడా 2014 ఆగస్టులో కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ రద్దు అనే గుండుగుత్త షరతు పెట్టవద్దని చెప్పింది.

ఇక్కడో మెలిక ఉంది. ఈ రక్షణలన్నీ "ఎక్కడ మార్పించారు" అన్న ప్రశ్న నుంచి కాపాడతాయి. "అసలు మార్చారా, సరైనది పోశారా, టైముకు పోశారా" అన్న ప్రశ్నలకు జవాబు మీరే చెప్పుకోవాలి.

డబ్బు కట్టి కొనుక్కునే ఎక్స్‌టెండెడ్ వారంటీ సంగతి వేరు. అది విడి ఒప్పందం. సర్వీసు ఎక్కడ చేయించాలి, ఎన్ని రోజులు ఆలస్యమైతే ఒప్పుకుంటారు అన్నవన్నీ అందులోని చిన్న అక్షరాల్లో ఉంటాయి. సంతకం పెట్టేముందే అవి చదవాలి. ఉచిత సర్వీసులు ఇస్తే మాత్రం నిర్మొహమాటంగా వాడుకోండి. ఊరికే వచ్చే రికార్డును వదులుకోవడం ఎందుకు?

1. మాన్యువల్‌లో చూడాల్సిన పేజీలు

బండితో వచ్చిన పుస్తకాల్లో ఒకటి ఓనర్స్ మాన్యువల్, ఇంకోటి వారంటీ బుక్‌లెట్. రెండూ తీయండి. ఆయిల్ గ్రేడు, స్పెసిఫికేషన్ ఎక్కడ ఉందో చూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుందో దగ్గర్లోనే ఉంటుంది. ఒకే మోడల్‌లో పెట్రోలు, డీజిల్, టర్బో ఇంజన్లకు వేర్వేరు ఆయిల్ ఉండొచ్చు కాబట్టి మీ ఇంజన్ కోడు ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూసుకోవడం మంచిది.

తర్వాత సర్వీసు షెడ్యూలు. ఇందులో సాధారణంగా రెండు పట్టికలుంటాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠిన వాడకానికి. రెండోదాని పేరు చూసి అది కొండలెక్కే ట్రక్కులకేమో అనుకుని పేజీ తిప్పేస్తాం. కింద షరతులు చదివితే తెలుస్తుంది: ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ముగిసే చిన్న చిన్న ప్రయాణాలు, గంటల తరబడి ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉండటం, దుమ్ము రోడ్లు, విపరీతమైన వేడి లేదా చలి, ట్రైలర్ లాగడం, ట్యాక్సీగా తిప్పడం. రోజూ మూడు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు కారులో వెళ్లొచ్చే మనిషిది కఠిన వాడకమే. ఇంజన్ వేడెక్కకపోతే లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరి బయటికి పోవు. అవి ఆయిల్‌లోనే మిగిలి దాన్ని పలుచన చేస్తాయి. మీ వాడకం ఈ పట్టికలోకి వస్తే మార్పిడి గడువు చాలా బండ్లలో దాదాపు సగానికి తగ్గుతుంది.

ఆ తర్వాత వారంటీ బుక్‌లెట్‌లో "వర్తించనివి" అన్న భాగం. నిర్వహణ లోపం వల్ల వచ్చిన నష్టం వర్తించదని దాదాపు ప్రతి కంపెనీ రాస్తుంది. రికార్డులు ఎవరు దాచాలి, ఎలాంటివి చెల్లుతాయి అన్నది కూడా అక్కడే ఉంటుంది. ఓ పావుగంట పని.

2. ఆయిల్ డబ్బా వెనక ఏం రాసి ఉంది?

క్లెయిమ్ నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా ఇక్కడే. అందుకే కాస్త నెమ్మదిగా వెళ్దాం.

డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో "ఫుల్లీ సింథటిక్" అని ఉంటుంది. వారంటీ లెక్కలో ఆ మాటకు పెద్ద బరువు లేదు. ఏ ఇంజన్ ఆయిల్‌కైనా మూలమైన నూనెను బేస్ ఆయిల్ అంటారు. వీటిని అయిదు గ్రూపులుగా విభజిస్తారు. నాలుగో గ్రూపు పీఏఓ, అంటే రసాయనికంగా తయారుచేసినది. మూడో గ్రూపు ముడి చమురు నుంచే వచ్చినా, హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసింది. దీన్ని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య వివాదం నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన విభాగం అనొచ్చనే చెప్పింది. ఇప్పుడు సింథటిక్ పేరుతో అమ్మే ఆయిల్ చాలావరకు ఈ మూడో గ్రూపుదే. అది తక్కువ రకం అనుకోవాల్సిన పనిలేదు. ఇంజన్‌కు కావాల్సిన పరీక్షలు ఆ ఆయిల్ పాసైందా అన్నదే మనం చూడాల్సింది. ఆ సమాచారం డబ్బా వెనక ఉంటుంది.

మొదట గ్రేడు: 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటిది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనక ఉన్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఈ లెక్కలన్నీ ఎస్ఏఈ జే300 అనే ప్రమాణంలో ఉన్నాయి. "వేడి ఎక్కువ కదా, కాస్త చిక్కటిది పోద్దాం" అనే సలహా మెకానిక్ సదుద్దేశంతోనే ఇస్తాడు. కానీ 0డబ్ల్యూ-20 కోసం తయారైన ఇంజన్‌లో బేరింగు సందులు, ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్ యంత్రాంగం అన్నీ ఆ పలుచదనానికి లెక్కగట్టి పెట్టినవి. మాన్యువల్‌లో ఒకటికి మించి గ్రేడులు ఇస్తే వాటిలో ఏదైనా పోయొచ్చు. ఒకటే ఇస్తే, వారంటీ ఉన్నన్నాళ్లూ అదే పోయాలి.

తర్వాత నాణ్యత తరగతి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, పెట్రోలు ఇంజన్లకు ఎస్‌తో మొదలయ్యే తరగతులు ఇస్తుంది. ఎస్‌పీ 2020 మేలో, ఎస్‌క్యూ 2025 మార్చిలో వచ్చాయి. కొత్త పెట్రోలు తరగతి పాతవాటి బదులు పనిచేస్తుంది. మాన్యువల్‌లో ఎస్‌ఎన్ అని ఉంటే, గ్రేడు సరిపోయినప్పుడు ఎస్‌పీ పోయొచ్చు. ఎస్‌ఎన్ పోయమన్నచోట ఎస్‌ఎమ్ కుదరదు.

ఈ అక్షరాలు అలంకారానికి పెట్టినవి కావు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో ఇంజన్లలో, తక్కువ వేగంలో ఎక్కువ లోడ్ పడినప్పుడు, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే సమస్య బయటపడింది. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. గట్టిగా వస్తే పిస్టన్ పగిలిపోతుంది. దీనికి ఆయిల్‌లోని డిటర్జెంటు కూడా ఒక కారణమని తేలింది: కాల్షియం ఎక్కువైతే సమస్య పెరుగుతుంది, కొంత మెగ్నీషియం వైపు మారిస్తే తగ్గుతుంది. ఆయిల్ కంపెనీలు ఫార్ములాలు మార్చాయి. ఎస్‌పీలో దీనికి ప్రత్యేక పరీక్ష ఉంది, టైమింగ్ చెయిన్ అరుగుదలకు ఇంకో పరీక్ష ఉంది. టర్బో కారులో పాత తరగతి ఆయిల్ పోసి పిస్టన్ పగిలితే కంపెనీ మనిషి మొదట అడిగేది ఈ రెండక్షరాల గురించే.

యూరప్ బండ్లకు ఏసియా (ACEA), అంటే అక్కడి వాహన తయారీదారుల సంఘం, ఇచ్చే తరగతులు ఉంటాయి: సీ2, సీ3, సీ5 లాంటివి. సీ వరుస ఆయిళ్లలో బూడిద మిగిల్చే పదార్థాలు తక్కువ. డీజిల్ బండి సైలెన్సర్ వరుసలో, పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఆ బూడిదతోనే పూడుకుపోతుంది. ఆయిల్ ఎంత ఖరీదైనదైనా, ఈ రకం కాకపోతే ఇంజన్ బాగుండి డీపీఎఫ్ పోతుంది. ఆ రిపేరు మామూలు ఖర్చు కాదు.

అన్నిటికన్నా బలమైనది తయారీదారు సొంత ఆమోదం. ఫోక్స్‌వ్యాగన్ 504 00, మెర్సిడెస్ 229.52, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04, జీఎం డెక్సోస్ ఇలాంటివి. ఇక్కడ పదాలు జాగ్రత్తగా చదవాలి. "అప్రూవ్డ్" అని ఉంటే ఆ కంపెనీ పరీక్షించి ఒప్పుకుందని. "మీట్స్ రిక్వైర్‌మెంట్స్", "సూటబుల్ ఫర్" అని ఉంటే ఆయిల్ కంపెనీ తన మాటగా చెబుతోందని. రెండో రకం ఆయిల్ నిజంగానే బాగుండొచ్చు. కానీ పేచీ వస్తే మొదటి రకం మీ పక్షాన నిలబడుతుంది, రెండోదానికి మీరు వాదించాలి. మాన్యువల్‌లో ఆమోదం నంబరు అడిగితే, ఆ నంబరు డబ్బా మీద "అప్రూవ్డ్" అన్న మాటతో ఉండేదే కొనండి.

బైకులవాళ్లకు ఒక మాట. చాలా బైకుల్లో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారుకు పోసే, ఘర్షణ తగ్గించే ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. మాన్యువల్ అడిగితే జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉన్నదే పోయాలి.

మినరల్ ఆయిల్ నుంచి సింథటిక్‌కు మారితే సీళ్లు కారతాయన్నది పాతకాలపు భయం. బండి కోరిన గ్రేడు, తరగతి ఉన్న సింథటిక్ ఆయిల్‌కు నిక్షేపంగా మారొచ్చు. రిపేరుషాపుల్లో అంటగట్టే ఇంజన్ ఫ్లష్‌లు, సీసాల్లో వచ్చే ఎడిటివ్‌లు మాత్రం వారంటీ తీరేదాకా వద్దు. సరైన ఆయిల్‌లో కావాల్సినవన్నీ కొలతగా కలిపే ఉంటాయి. పైన ఇంకోటి పోసి, క్లెయిమ్ తిరస్కరించడానికి ఒక కారణం మనమే చేతికివ్వడం దేనికి?

3. గడువు: సింథటిక్ పోశాం కదా అని సాగదీయొద్దు

డబ్బా మీద "25,000 కిలోమీటర్ల వరకు రక్షణ" లాంటి మాట కనిపించొచ్చు. అది ఆయిల్ కంపెనీ మాట. మీ వారంటీ ఇచ్చింది బండి కంపెనీ. మాన్యువల్ 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అంటే, సింథటిక్ పోసినా అదే గడువు. "ఏది ముందైతే అది" దగ్గర ఎక్కువమంది దొరికిపోతారు. ఏడాదిలో 3,000 కిలోమీటర్లే తిరిగిన బండికి ఆయిల్ ఎందుకు మార్చాలి అనిపించడం సహజం. తక్కువ తిరిగే బండి ఎక్కువగా చల్లటి ఇంజన్‌తోనే తిరుగుతుంది. తేమ, ఆమ్లాలు చేరుతూనే ఉంటాయి.

డాష్‌బోర్డు మీద ఆయిల్ లైఫ్ శాతం చూపించే బండ్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు ఆయిల్‌ను ముట్టుకుని చూసేవి కావు. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడెక్కింది, ఎన్నిసార్లు చల్లగా స్టార్టయింది అని లెక్క కట్టి అంచనా చెబుతాయి. మాన్యువల్ దాన్ని నమ్మమంటే నమ్మొచ్చు, కానీ దాని పైన ఏడాది పరిమితి ఉందేమో చూడండి. ఆయిల్ నల్లబడిందా లేదా అన్నది కొలమానం కానే కాదు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది కిలోమీటర్లకే నల్లబడుతుంది.

గడువుకు 500 కిలోమీటర్లు ముందే మార్చేయడం నా అలవాటు. ఊరెళ్లాల్సి వచ్చినా, ఫిల్టర్ దొరక్కపోయినా ఆ వెసులుబాటు ఆదుకుంటుంది.

4. పని మొదలుపెడదాం

మొదట మీటర్ రీడింగ్ ఫోటో. చేతికి నూనె అంటాక ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు. ఆయిల్ డబ్బా ముందు వెనక, ఫిల్టర్ పెట్టె మీది పార్టు నంబరు కూడా అప్పుడే తీసేయండి.

కావాల్సినవి: సరిపడా ఆయిల్, మీ ఇంజన్‌కు సరైన ఫిల్టర్, పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్, సరైన సైజు సాకెట్, కొలిచిన బలంతో బిగించే టార్క్ రెంచ్, ఫిల్టర్ రెంచ్, ఆరేడు లీటర్లు పట్టే బేసిన్, గరాటు, గ్లౌజులు, పాత గుడ్డలు. గ్లౌజులు తప్పనిసరి. వాడిన ఆయిల్ పదేపదే చర్మానికి అంటడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఇంజన్‌ను అయిదు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చబడితే తేలిగ్గా జారుతుంది, అడుగున ఉన్న మురికినీ తీసుకొస్తుంది. లాంగ్ డ్రైవ్ నుంచి వచ్చిన వెంటనే మాత్రం విప్పొద్దు, చెయ్యి కాలుతుంది. హైబ్రిడ్ బండి అయితే పూర్తిగా ఆఫ్ చేసి తాళం దూరంగా పెట్టండి. ఇంజన్ దానంతటదే స్టార్టవడం వాటికి మామూలే.

చదునైన గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, బండిని లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ బండిని లేపడానికే. ఒక్క జాకీని నమ్ముకుని కిందకి దూరొద్దు. దీనికి మినహాయింపు లేదు.

ఆయిల్ పోసే మూత ముందే విప్పండి. గాలి ఆడితే ఆయిల్ త్వరగా దిగుతుంది. తర్వాత కింద డ్రెయిన్ బోల్టు వెతకండి. అదే ఇంజన్‌దా, గేర్‌బాక్స్‌దా అని రెండుసార్లు చూసుకోవాలి. కొన్ని బండ్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. గేర్‌బాక్స్ ఆయిల్ దింపేసి, ఇంజన్‌లో పాతదాని మీదే కొత్తది పోసినవాళ్లు ఉన్నారు. ఆ బండి పది కిలోమీటర్లు పోయేలోపే రెండూ దెబ్బతినొచ్చు. దిగే ఆయిల్ ఎర్రగానో, మరీ శుభ్రంగానో కనిపిస్తే వెంటనే ఆపి చూసుకోండి.

బోల్టు చివర్లో చేత్తో తిప్పుతూ, లోపలికి నొక్కిపట్టి, ఒక్కసారిగా పక్కకు లాగేయాలి. మొదట్లో ఎవరికైనా మోచేతి దాకా నూనె కారుతుంది, అలవాటవుతుంది. ధార సన్నబడి చుక్కలయ్యేదాకా పది పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈలోగా బోల్టు తుడిచి వాషర్ మార్చండి. నలిగి సీల్ చేసే రకం వాషర్ ఒక్కసారికే పనికొస్తుంది. బోల్టును తిరిగి చేత్తోనే ఎక్కించండి. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతో తేలిగ్గా తిరగాలి. బిగుసుకుంటే మర అడ్డంగా పట్టిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకు. ఆయిల్ పాన్ అల్యూమినియందైతే బలం చూపించినంత సేపట్లో మర ఊడిపోతుంది. అది వారంటీ కిందకి రాదు, మన ఖాతాలోకే.

ఇప్పుడు ఫిల్టర్. పాతది విప్పగానే దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందా చూడండి. ఒక్కోసారి అది ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులై, స్టార్ట్ చేసి ప్రెషర్ ఎక్కగానే ఆయిల్ అంతా చిమ్మేస్తుంది. నేనొకసారి ఈ తప్పు చేశాను. రెండు లీటర్ల ఆయిల్ నేల పాలైంది, మరక ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఫిల్టర్ కూర్చునే చోటును వేలితో చుట్టూ తడిమి చూడకుండా కొత్తది పెట్టను.

కొత్త ఫిల్టర్ రింగుకు కాస్త కొత్త ఆయిల్ రాయండి. చేత్తో తిప్పి, రింగు తగిలాక మరో ముప్పావు చుట్టు, లేదా ఫిల్టర్ మీద రాసినంత. రెంచ్ విప్పడానికే, బిగించడానికి వద్దు. లోపల కాగితపు గుళిక ఉండే రకమైతే మూత మీది ఓ-రింగు కూడా మార్చాలి. బిగింపు అంకె చాలాసార్లు ఆ మూత మీదే అచ్చువేసి ఉంటుంది.

మాన్యువల్ చెప్పిన దానికన్నా అరలీటరు తక్కువ పోయండి. మూత పెట్టి స్టార్ట్ చేయండి. ఆయిల్ దీపం కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరేదాకా రేస్ చేయొద్దు. ఒకట్రెండు నిమిషాలు నడుస్తుండగా కింద బోల్టు, ఫిల్టర్ దగ్గర చెమ్మ ఉందేమో టార్చి వేసి చూడండి. ఆపి, బండిని దించి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడండి. రెండు గుర్తుల మధ్య తేడా చాలా కార్లలో దాదాపు లీటరు. కొంచెం కొంచెం పోస్తూ పై గుర్తు దగ్గరికి తెండి, దాటనివ్వొద్దు. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ బేరింగును కాపాడలేదు. చివరగా సర్వీసు రిమైండర్ రీసెట్ చేయండి.

పాత ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలోకే వంచి, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి. మురుగు కాలవలో, నేల మీద పోయొద్దు. శుద్ధి చేసి మళ్లీ వాడుకోగల సరుకు అది. అక్కడ రసీదు ఇస్తే తీసుకోండి, అదీ మీ ఫైలులోకే.

5. కాగితాలు

సొంతంగా మార్చుకున్న ప్రతిసారీ ఒక చిన్న పుస్తకంలో నేను రాసేది ఇంతే: తేదీ, మీటర్ రీడింగ్, ఛాసీ నంబర్ చివరి ఆరంకెలు, ఆయిల్ బ్రాండు, గ్రేడు, తరగతి లేదా ఆమోదం నంబరు, ఎన్ని లీటర్లు, ఫిల్టర్ పార్టు నంబరు, వాషర్ మార్చానా లేదా. ఒక ఎంట్రీ ఇలా ఉంటుంది: "మీటర్ 29,480. 0డబ్ల్యూ-20, ఎస్‌పీ. 3.6 లీటర్లు. ఫిల్టర్, వాషర్ కొత్తవి. లీకు లేదు." నిమిషం పని.

పక్కనే కొనుగోలు బిల్లులు. బిల్లు తేదీ, పుస్తకంలోని తేదీ దగ్గరదగ్గరగా ఉండాలి. నాలుగు లీటర్లు పట్టే బండికి మూడు లీటర్ల బిల్లే ఉంటే ప్రశ్న వస్తుంది. ఇంకో సంగతి: చాలా దుకాణాలిచ్చే నున్నటి బిల్లులు థర్మల్ కాగితం మీదివి. కారు గ్లవ్ బాక్సులో వేడికి కొన్ని నెలల్లో అక్షరాలు ఎగిరిపోతాయి. వారంటీ అయిదేళ్లుంటే ఆ తెల్ల కాగితం దేనికీ పనికిరాదు. ఇంటికి రాగానే ఫోటో తీసి, మీటర్ రీడింగ్ ఫోటోతో కలిపి మీకు మీరే ఈమెయిల్ పంపుకోండి. తేదీ, టైము వాటంతటవే పడతాయి, తర్వాత పుట్టించారని ఎవరూ అనలేరు.

గ్యారేజీలో మార్పిస్తే, డబ్బులిచ్చే ముందే బిల్లు చదవండి. బండి నంబరు, మీటర్ రీడింగ్, ఆయిల్ పూర్తి పేరు, గ్రేడు, లీటర్లు, ఫిల్టర్, గ్యారేజీ పేరు, ముద్ర. "అన్నా, ఏ ఆయిల్ పోశారో కూడా రాయండి" అంటే ఎవరూ కాదనరు. డ్రమ్ములోంచి పోస్తుంటే డ్రమ్ము మీది లేబుల్ ఫోటో తీసుకోండి. సీలు డబ్బా అయితే మీ ముందే తెరవమనండి.

ఒక మార్పిడి ఆలస్యమైపోయిందా? ఈరోజే మార్చి, ఈరోజు తేదీయే రాయండి. పాత తేదీతో బిల్లు రాయించుకోవడం మోసం కిందకొస్తుంది. అది బయటపడితే మిగతా నిజమైన బిల్లులను కూడా నమ్మరు. సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే, వారంటీ ఇంకా ఉంటే, పాత యజమాని సర్వీసు బిల్లులు బేరంలో భాగంగానే అడగండి.

6. మార్పిడికీ మార్పిడికీ మధ్య

వెయ్యి కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ తీయండి. టైముకు ఆయిల్ మార్చినా, మధ్యలో మట్టం పడిపోతే ఇంజన్ పోతుంది. కలిపిన ప్రతి అరలీటరూ పుస్తకంలో రాయండి. బండి ఆయిల్ తాగుతోందని ముందే నమోదై ఉంటే, రేపు అదే మీ క్లెయిమ్‌కు ఆధారం. మట్టం పెరిగినా వదిలేయొద్దు. డీపీఎఫ్ ఉన్న డీజిల్ బండ్లలో, చిన్న ప్రయాణాల డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బండ్లలో ఇంధనం ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తేనే తెలిసిపోతుంది. పై గుర్తు దాటితే గడువుతో పనిలేకుండా సర్వీసు సెంటర్‌కు చూపించి, రాతపూర్వకంగా జాబ్ కార్డు తీసుకోండి.

7. క్లెయిమ్ తిరస్కరిస్తే

ఆయిల్ దీపం వెలిగినా, కింద నుంచి టకటకమని శబ్దం వచ్చినా బండి అక్కడే ఆపేయాలి. ఇంటిదాకా పోనిద్దాం అనుకుంటే, ఆ తర్వాతి నష్టం మీ వల్ల జరిగిందే అవుతుంది. టోయింగ్ వాహనంలో తీసుకెళ్లండి, ఆ రసీదు కూడా దాచండి.

కౌంటర్ దగ్గర "వారంటీ రాదు" అని నోటిమాటగా అంటే, గొడవ పడకుండా మూడు విషయాలు రాసిమ్మనండి: ఏ భాగం, ఏ కారణంతో పాడైంది; వారంటీ బుక్‌లెట్‌లో ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారు; ఆ కారణానికి ఆయిలే బాధ్యత అని దేన్ని బట్టి తేల్చారు. రాయమనగానే చాలామంది పైవాళ్లను అడిగి చెబుతామంటారు. రాసిచ్చాక కంపెనీ కస్టమర్ కేర్‌కు మీ పుస్తకం, బిల్లులు, ఫోటోలు ఒకే ఫైలుగా తేదీల వరసలో పంపండి. అసలు కాగితాలు చేతినుంచి వదలొద్దు, నకళ్లే ఇవ్వండి.

ఇంజన్ విప్పకముందే, మీ ఎదుటే, ఆయిల్ శాంపిల్ తీయించండి. శుభ్రమైన రెండు సీసాల్లో పట్టి, ఇద్దరూ సంతకం చేసిన లేబుళ్లు అంటించి, ఒకటి మీరు ఉంచుకోండి. ఆయిల్ పరీక్షించే ల్యాబులు అందులోని ఇనుము, రాగి, సిలికాన్, ఇంధనం పాళ్లు, మిగిలిన చిక్కదనం చెబుతాయి. సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము లోపలికి పోయినట్టు, అంటే ఎయిర్ ఫిల్టర్ దారి చూడాలి. చిక్కదనం సరిగ్గా ఉండి ఇనుము మాత్రమే విపరీతంగా ఉంటే, ఆయిల్ బాగానే ఉన్నా లోహం అరిగిందన్న వాదనకు బలం వస్తుంది. పాత ఫిల్టర్‌ను కూడా పారేయనివ్వకండి, కోసి మడతల్లో ఏముందో చూస్తారు. ఆ రెండూ ఒకసారి వాళ్ల చెత్తడబ్బాలోకి పోతే మళ్లీ దొరకవు.